వద్దని చెప్పనులే అమ్మా

లెస్టర్, ఇంగ్లండ్
ఆదివారం

అమ్మా,

నువ్వు స్కూటర్ కొన్నావని నాకు ముందు చెప్పింది నాన్నగారే. "నీ మాటైతే వింటుంది, వద్దని చెప్పవే" అన్నారు. నేను చెప్పను. డ్వాక్రా పుస్తకాలు సంచిలో పెట్టుకుని అంబాజీపేట బ్యాంకుకి వెళ్లాలంటే ఆటో నిండేదాకా సెంటర్లో నిలబడటమో, ఆయనకి ఎప్పుడు తీరుతుందా అని వాకిట్లో కాచుకోవడమో, ఇన్నేళ్లూ చేశావు. ఇక చాలు, బండి నడుపు. కాకపోతే బండి తీసేముందు ఒంటి మీదకి రావాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫోన్లో చెబితే "సరేలేవే" అనేసి పొయ్యి దగ్గరికి వెళ్లిపోతావు. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ నేను డ్యూటీకి వెళ్లేది కూడా స్కూటర్ మీదే, 125 సీసీ. తెల్లవారుజామున మా వైపు బస్సు ఉండదు. ఈ దేశంలో కొత్తవాళ్లకి సీబీటీ అని ఒక తప్పనిసరి శిక్షణ ఉంది. అది కాకుండా రోడ్డెక్కకూడదు. ముందు 20 మీటర్ల దూరంలో ఉన్న బండి నంబరు చదవమంటారు. చదవలేకపోతే ఆ రోజుకి ఇంటికే. తర్వాత వాహనాలు తిరగని ఖాళీ స్థలంలో నడపడం, ఆపడం, తిప్పడం నేర్పుతారు. అవి కుదిరాయని శిక్షకుడికి నమ్మకం కలిగితేనే రోడ్డు మీదకి తీసుకెళ్తాడు. అక్కడ కనీసం రెండు గంటలు, ఆయన వేరే బండి మీద వెనకాలే వస్తూ చెవిలో రేడియో ద్వారా చెబుతుంటాడు. ఇంత చేసినా ఆ కాగితం రెండేళ్లే చెల్లుతుంది. పూర్తి లైసెన్సు వచ్చేదాకా ఎల్ బోర్డు తియ్యకూడదు, వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. మన దగ్గర పద్ధతి నీకు తెలుసు. తమ్ముడో బావో వెనక సీటు పట్టుకుని పది అడుగులు పరిగెత్తి, వదిలేసి, "వచ్చేసిందిగా" అంటాడు.

నువ్వు మాత్రం అలా కాదు. ముందు కళ్లజోడు పెట్టుకుని వాకిట్లో నిలబడి, వీధి చివర ఆగి ఉన్న బండి నంబరు చదువు. 20 మీటర్లంటే అరవై అయిదు అడుగులు. తడబడితే అద్దాలు మార్పించుకున్నాకే బండి. నేర్చుకోవడానికి హైస్కూల్ గ్రౌండో, రైస్ మిల్లు కళ్లమో చూసుకో. కాలువ గట్టు మీద వద్దంటే వద్దు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేను, మధ్యలో ఎదురొచ్చే కొబ్బరికాయల ట్రాక్టరు. పిట్టగోడ కూడా ఉండదు.

మొదట ఇంజన్ ఆపేసి, సీటు మీద కూర్చుని రెండు కాళ్లతో నేలని తోసుకుంటూ బండి బరువు తెలుసుకో. బ్రేకులు రెండూ చేతుల దగ్గరే ఉంటాయి. కుడిది ముందు చక్రానికి, ఎడమది వెనక చక్రానికి. ఇప్పుడొచ్చే 125 సీసీ లోపు బళ్లలో ఎడమ బ్రేకు పడితే ముందుది కూడా కొంత పడే ఏర్పాటు ఎక్కువగా ఉంటుంది, దాన్నే సీబీఎస్ అంటారు. అయినా రెండూ కలిపి, మెల్లగా నొక్కడం చేతికి అలవాటు కావాలి. హ్యాండిల్ తిప్పి ఉండగా, కింద ఇసుక ఉండగా ముందు బ్రేకు గట్టిగా పట్టావంటే బండి పక్కకి పడిపోతుంది.

కొత్తవాళ్లు పడేది ఎక్కువగా యాక్సిలరేటర్ వల్ల. భయమేసినప్పుడు మనిషి చెయ్యి బిగుస్తుంది, ఒళ్లు వెనక్కి వాలుతుంది. బిగిసింది కుడి చెయ్యి అయితే యాక్సిలరేటర్ ఇంకా తిరిగి, ఆగాల్సిన బండి గోడ మీదకి ఉరుకుతుంది. అది వదిలేస్తే తనంతట తనే మూసుకుంటుంది కాబట్టి కంగారొస్తే వదిలెయ్. ఇంకో సంగతి, ఇంజన్ ఆన్‌లో ఉండగా కింద నిలబడి బండిని ఎప్పుడూ తొయ్యకు. హ్యాండిల్ పట్టుకోవడంలోనే చెయ్యి తిరిగిపోతుంది. మన వాకిట్లో పూలకుండీల సంగతి అలా ఉంచితే, నీ కాలి మీదకెక్కితే ఏమిటి?

ఇప్పుడు హెల్మెట్. బండితో పాటు షోరూంలో ఒకటి ఇచ్చి ఉంటారు. ఇవ్వాలని నిబంధన ఉంది. కానీ అది నీ తల కొలిచి ఇచ్చింది కాదు. నీ కుట్టుమిషను టేపు తీసి, కనుబొమలకి ఒక అంగుళం పైగా తల చుట్టూ కొలువు. సాధారణంగా 58 సెంటీమీటర్లయితే ఎం, 60 అయితే ఎల్ అని సైజులు ఉంటాయి. పెట్టుకున్నప్పుడు బుగ్గలు కొంచెం నొక్కుకుపోవాలి. కొత్తలో బిగుతుగానే ఉంటుంది, లోపలి మెత్త వాడకంలో సర్దుకుంటుంది. పట్టీ బిగించాక తల అటూ ఇటూ తిప్పు. నీతో పాటే తిరగాలి. వెనక నుంచి పైకి ఎత్తితే ఊడి రాకూడదు. గడ్డం కింద పట్టీలో రెండు వేళ్లు పట్టేంత సందు చాలు.

నీ ముడి దీనికి అడ్డం. ముడి మీద పెడితే హెల్మెట్ కిందకి దిగదు, తల మీద కూర్చున్నట్టు కనిపిస్తుందే గానీ పడినప్పుడు ఎగిరిపోతుంది. మెడ దగ్గర కిందకి జడ అల్లుకుని పెట్టుకో. పూలు అంబాజీపేటలో దిగాక పెట్టుకోవచ్చు, వాడిపోవులే.

గడ్డం కూడా కప్పే ఫుల్ ఫేస్ రకమే కొను. ముఖం కిందకి తగిలే దెబ్బలు చాలా ఉంటాయి, సగం టోపీలాంటివి దానికి పనికిరావు. ఐఎస్ఐ గుర్తుతో పాటు ఐఎస్ 4151 అని ఉండాలి. 2021 జూన్ నుంచి ఆ గుర్తు లేని హెల్మెట్ తయారు చెయ్యడం, అమ్మడం కూడా నిషేధం. అయినా రోడ్డు పక్కన దొంగ గుర్తులు వేసి అమ్మేవాళ్లున్నారు. గుర్తు కింద సీఎం/ఎల్ అని ఒక నంబరు ఉంటుంది. దాన్ని తమ్ముడి ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టిస్తే అసలో నకిలీయో తేలిపోతుంది. హెల్మెట్ లోపల థర్మోకోల్ పొర ఉంటుంది. దెబ్బ తగిలితే అది నలిగిపోతుంది, ఆ నలగడమే తలని కాపాడేది. ఒకసారి నలిగితే మళ్లీ లేవదు. పైకి బాగానే కనిపించినా, గట్టిగా పడ్డ హెల్మెట్ తీసి పారెయ్యాలి. అద్దం తెల్లదే తీసుకో. నల్ల అద్దంతో పొద్దుపోయాక ఏమీ కనపడదు. అద్దం ఎత్తేసి నడపకు. సాయంత్రం కాలువల పక్కన పురుగులు ఎలా ముసురుకుంటాయో నాకంటే నీకే బాగా తెలుసు. కంట్లో పడితే రెండు కళ్లూ మూతలు పడతాయి.

తలకి తప్ప మిగతా ఒంటికి రక్షణ అక్కర్లేదని మనవాళ్ల లెక్క. ఇక్కడ ఆస్పత్రిలో నేను చూసేది వేరు. మనిషి పడేటప్పుడు ముందు అరచేతులు ఆనిస్తాడు. గీరుకున్న చర్మంలోకి రోడ్డు ఇసుక దిగితే, దాన్ని మొత్తం కడిగి తియ్యాలి. ఒక్కోసారి బ్రష్షు పెట్టి రుద్దాల్సి వస్తుంది. ఆ అరుపులు వినలేం. నీకు షుగర్ ఉందమ్మా. కాలి మీద పుండు పడితే ఎన్నాళ్లకి మానుతుందో, పక్కింటి తాతగారి సంగతి చూశావుగా. అందుకని చెప్పులతో బండి ఎక్కకు. చీలమండ కప్పేలా బూట్లు కావాలి. చేతులకి అరచెయ్యి దగ్గర గట్టి ముక్క కుట్టిన గ్లవ్స్, గాలాడేలా వల గుడ్డతో చేసినవి దొరుకుతాయి. రైడింగ్ జాకెట్ నువ్వు వేసుకోవని తెలుసు. చేలోకి కూలికెళ్లేవాళ్లు చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కోరూ? కనీసం అలాంటిది, జీన్స్ గుడ్డది. రాసుకుపోయేటప్పుడు చర్మానికి ముందు ఆ గుడ్డ పోతుంది. జాకెట్‌తో సమానం కాదు, ఏమీ లేకపోవడం కంటే నయం అంతే. ఎవరైనా నవ్వితే నవ్వనీ.

చీర సంగతి అన్నిటికంటే ముఖ్యం, అయినా ఇక్కడిదాకా వచ్చింది చూడు. పైట వెనక్కి వదిలేసి బండెక్కితే అది వెనక చక్రంలో చుట్టుకుని మనిషిని లాగేస్తుంది. చున్నీ కూడా అంతే. పైట కొంగు ముందుకి తెచ్చి నడుములో దోపి, భుజం దగ్గర పిన్ను పెట్టి, దాని మీద చొక్కా తొడుక్కో. వెనక చక్రంలో సగమైనా కప్పే అడ్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. మనవాళ్లు శారీ గార్డ్ అంటారు. స్టైల్ అని తమ్ముడు దాన్ని విప్పించకుండా చూసుకో. పిన్ని నీ వెనక ఎక్కేది ఎలాగూ పక్కకి కూర్చునే.

రోడ్లు నీవి, నేను చెప్పేదేముంది. అయినా నడిచి, ఆటోలో వెళ్లి చూసిన రోడ్డు వేరు, రెండు చక్రాల మీద చూసే రోడ్డు వేరు. దాళ్వా కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. దాని మీద బ్రేకు పట్టడమంటే గచ్చు మీద ఆవాలు పోసి నడవడమే. ముందే నెమ్మదించి, బ్రేకు ముట్టుకోకుండా తిన్నగా దాటెయ్. రాత్రయితే ఇంకా ప్రమాదం. రాశి మీద పట్టా కప్పి, ఎగరకుండా చుట్టూ రాళ్లు పెడతారు. లైటు ఉండదు, రాయి కనపడదు. దమ్ము సీజన్లో ట్రాక్టర్లు నల్లమట్టి రోడ్డెక్కిస్తాయి. వాన చినుకు పడిందంటే జారుడు. రొయ్యల వ్యాన్లు నీళ్లు కారుస్తూ పోతాయి, వాటి వెనక దగ్గరగా పోకు. ఊళ్లో గేదెలు ఇంటికి మళ్లే వేళకి నువ్వు ఇంట్లో ఉండు. సఖినేటిపల్లి రేవులో బండిని పంటు, అదే గోదావరి దాటించే పడవ, ఎక్కించే పని మాత్రం ఈ ఏడాది వద్దు. తడిసిన ర్యాంపు మీద బండి దించడం చెయ్యి తిరిగినవాళ్లకే కష్టం. పెద్దమ్మ దగ్గరికి నర్సాపురం పోవాలంటే పంటు మీద నడిచి వెళ్లు. 216 హైవే కూడా ఇప్పుడే వద్దు.

ముందు ఫుట్‌బోర్డు మీద గ్యాస్ బండ పెట్టుకోవద్దు, బియ్యం బస్తా పెట్టుకోవద్దు, చెల్లి కొడుకుని నిలబెట్టుకోవద్దు. నాకు తెలుసు, మూడోది తప్పకుండా చేస్తావు. "అమ్మమ్మ బండి" అని వాడు ఏడుస్తాడు, నువ్వు కరిగిపోతావు. బ్రేకు వేస్తే వాడి మొహం తగిలేది హ్యాండిల్‌కే. నాలుగేళ్లు దాటిన పిల్లలకి హెల్మెట్ తప్పనిసరి అని చట్టంలో ఉంది. అంతకంటే చిన్నవాళ్లకి హెల్మెట్‌తో పాటు, బండి నడిపే పెద్దవాళ్లకి కలిపి కట్టే బెల్టు కూడా ఉండాలి, బండి 40 కిలోమీటర్లు దాటకూడదు. వాడు కొంచెం ఏడిస్తే ఏం కాదు.

కాగితాల పని తొందరగానే అయిపోతుంది. ముందు ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవాళ్ల లైసెన్సు, తీసుకో. నలభై దాటినవాళ్లకి డాక్టరు సంతకంతో ఫారం 1ఏ కావాలి, అది ముందే రాయించుకో. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. నెల రోజులు గడిచాక లైసెన్సు పరీక్షకి వెళ్లొచ్చు. ఎవరికో డబ్బులిచ్చి పరీక్ష లేకుండా తెప్పిస్తామంటారు, వినకు. ఆ ఎనిమిది ఆకారంలో తిప్పడం నిజంగా రావాలి. సెంటర్లో ఆటోల మధ్య తిప్పుకునేది అదే. హెల్మెట్ లేకుండా దొరికితే చట్ట ప్రకారం 1000 రూపాయల జరిమానా, పైగా మూడు నెలలు లైసెన్సు రద్దు. ఈ ముక్క నాన్నగారికి చదివి వినిపించు. ఆయన బండికి హెల్మెట్ అద్దానికి వేలాడుతూ ఉంటుంది, తల మీద ఉండదు. నీకు వద్దని చెప్పే మనిషి ముందు తన తలకి పెట్టుకోవాలి కదా.

నీ అకౌంట్లో డబ్బులు వేస్తున్నాను. హెల్మెట్, గ్లవ్స్, బూట్లు, ఈ మూడిటికే. గ్రూపులో ఎవరికో అవసరమని అప్పివ్వకు, ప్లీజ్. అమలాపురం వెళ్లి నువ్వే తల మీద పెట్టి చూసి కొనుక్కో, తమ్ముణ్ణి పంపకు. టేపు కొలత వచ్చే ఆదివారం ఫోన్లో చెప్పు, నీదీ నాన్నగారిదీ రెండూ.

నీ పెద్దమ్మాయి