మొరటుతనం ఒకరిది, నింద అడవికి

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల మీ పత్రికలో ఒక మూకదాడి వార్తకు 'ఆటవిక చర్య' అని శీర్షిక పెట్టారు. దాడి జరిగింది నగరం నడిబొడ్డున. చేసినవారు చదువుకున్నవారని ఆ వార్తలోనే ఉంది. అయినా నింద అడవి మీద పడింది.

మోటు, ముతక, గరుకు, కరకు వంటి మాటలు చేతికి తగిలే స్పర్శను చెబుతాయి. బట్ట ముతకగా ఉందని నేతగాడు అన్నా, చెక్క ఇంకా గరుకుగానే ఉందని వడ్రంగి అన్నా ఎవరి పుట్టుకకూ మచ్చ రాదు. అవే మాటలను మనిషి నడతకు వాడినప్పుడు కూడా అవి నడత వరకే ఆగుతాయి; చిత్రిక పడితే నునుపు తేలుతుందన్న ఆశ కూడా వాటిలో కొంత మిగిలి ఉంటుంది. మొరటువాడికి మొగలిపువ్వు ఇచ్చిన సామెత సైతం (దాని రెండో సగం మీరు అచ్చు వేయలేరు) వాడు చేసిన పనినే వెక్కిరిస్తుంది గాని వాడి ఊరిని కాదు.

'పల్లెటూరి బైతు', 'అనాగరికం', 'ఆటవికం' అలాంటివి కావు. అవి మనిషి ఉండే చోటునే తప్పుగా చూపుతాయి. నాగరికం నగరం నుంచి పుట్టింది. గ్రామం నుంచి పుట్టిన 'గ్రామ్యం' అనే పేరును 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి లక్షణ విరుద్ధమైన భాషకు ఇచ్చారు. నాటుకోడిని బాయిలర్ కోడి కన్నా ఎక్కువ ధర పెట్టి కొంటున్న మనమే, మనిషి దగ్గరికి వచ్చేసరికి 'నాటుగా ఉన్నాడు' అని తీసిపారేస్తున్నాం.

వీటన్నిటికన్నా ఘోరమైన మాట 'చండాలం'. కూర రుచిగా లేకపోయినా, రోడ్డు గుంతలు పడినా ఆ మాటే అంటాం, అది అంటరానివారని వెలివేసిన మనుషుల పేరన్న స్పృహ లేకుండానే. దస్తూరీ బాగాలేని పిల్లలను నేనూ తరగతిలో ఏళ్ల తరబడి అలాగే అన్నాను. వారిలో ఎవరికి ఎక్కడ తగిలిందో ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి, మా ప్రాంతపు కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని, దానికి నిఘంటువు కూడా కూర్చారు. ఆయన జయంతి అయిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం మీద ప్రత్యేక వ్యాసాలు వేసే పత్రికలో, హింసకు మారుపేరుగా 'ఆటవికం' కనబడటం ఎబ్బెట్టుగా ఉంది. క్రూరం, దారుణం, దౌర్జన్యం అనే మాటలు మనకు ఉండనే ఉన్నాయి. శీర్షికలో చోటు చాలదని ఉపసంపాదకులు అనడానికీ లేదు. 'ఆటవికం' కన్నా 'క్రూరం' రెండక్షరాలు తక్కువే.

— ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, పార్వతీపురం