తాతగారి ఫోటో విషయమై

విజయనగరం

చిరంజీవి బుజ్జికి మీ నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీవు పంపిన తాతగారి ఫోటోను స్టూడియోలో పెద్ద మానిటర్ మీద తెరిచి చూశాను. కొత్తగా పెట్టిన నీలం బ్యాక్‌గ్రౌండ్ మీద ఆయన ఎడమ భుజం ఎవరో కొరికినట్టుంది, జుట్టు చుట్టూ తెల్లటి గీత మిగిలిపోయింది. చేసిన చెయ్యి బాగానే ఉంది గాని, వెనకనున్న గోడను తీసేయడానికి నీవు ఫోటోషాప్‌లో వాడిన మ్యాజిక్ వాండ్ ఈ ఫోటోకు తగిన పనిముట్టు కాదు.

అది నీవు నొక్కిన చోటి రంగును ఫోటోలోని తక్కిన చుక్కలతో, అంటే పిక్సెళ్లతో పోల్చి, రంగు తేడా టాలరెన్స్ అనే అంకెకు లోబడిన వాటినన్నింటినీ కలుపుకుంటుంది. మనం మార్చకపోతే ఆ అంకె 32 ఉంటుంది. తాతగారు వేసుకున్నది పొందూరు ఖద్దరు కండువా, వెనకనున్నది సున్నం కొట్టిన గోడ. రంగు విలువ చూపే ఐడ్రాపర్ పెట్టి చూస్తే, నలుపు 0, తెలుపు 255 అనుకునే లెక్కలో గోడ 238 దగ్గర, కండువా 226 దగ్గర ఉన్నాయి. పన్నెండే తేడా ఉన్నప్పుడు గోడ ఏదో గుడ్డ ఏదో దానికెలా తెలుస్తుంది? టాలరెన్స్‌ను 8కి దించితే భుజం దక్కుతుంది, గోడ మీది నీడలు మాత్రం మచ్చలు మచ్చలుగా మిగులుతాయి. ఆకాశం తేటగా ఉన్న ఏడాది పైడితల్లమ్మ సిరిమానును తీసిన ఫోటోలకైతే ఇదే వాండ్ నిమిషంలో పని ముగిస్తుంది. ఒకదానికొకటి ఆనుకున్న చుక్కలనే ఎంచే కంటిగ్యువస్ టిక్ తీసేస్తే పూలదండల సందుల్లోని ఆకాశం కూడా వచ్చేస్తుంది.

కాబట్టి భుజాన్నీ కండువానూ, అంచు వెంట చేత్తో గీత గీసే పెన్ టూల్‌తో తియ్యి. 200 శాతానికి పెంచుకుని, అంచుకు ఒక్క పిక్సెల్ లోపలగా నడిపించు. గీతను నిలిపే పెన్ చుక్కలు వంపు తిరిగే చోటే పెట్టాలి. మెడ నుండి మోచేతి దాకా నాలుగైదు చాలు, ఇరవై పెడితే ఖద్దరు మడత రంపపు పళ్లలా కనిపిస్తుంది. ఆ గీతను, అంటే పాత్‌ను మూసి, పేరు పెట్టి దాచుకున్నాక కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే లోపలి భాగం సెలెక్షన్ అవుతుంది. అంచును మెత్తబరిచే ఫెదర్ సగం పిక్సెల్ ఇస్తే సరిపోతుంది.

ఇక్కడ కొత్తవాళ్లందరూ పొరపడే సంగతి ఒకటుంది. సెలెక్షన్ చుట్టూ చీమలబారులా కదిలే గీతను చూసి లోపలిదంతా మనది, బయటిదంతా కాదు అనుకుంటారు. నిజానికి ఒక్కొక్క పిక్సెల్ 0 నుండి 255 వరకు ఎంతో కొంత సెలెక్ట్ అయి ఉండవచ్చు. చీమలు సగానికి పైగా సెలెక్ట్ అయిన వాటి చుట్టే తిరుగుతాయి. మెత్తటి అంచును చూడాలంటే క్యూ నొక్కి క్విక్ మాస్క్‌లోకి వెళ్లు. సెలెక్షన్‌లో లేని భాగమంతా ఎర్రగా కనబడుతుంది. రీళ్ల రోజుల్లో మేము నెగెటివ్ మీద సన్నటి కుంచెతో ఎర్ర రంగు పూసి వద్దనుకున్న భాగాన్ని మూసేవాళ్లం, అందువల్ల నాకా ఎరుపు పాత చుట్టంలా అనిపిస్తుంది.

జుట్టు సంగతి వేరు. నల్లజుట్టయితే ఫోటోలోని నీలం పాలును మాత్రమే చూపే బ్లూ ఛానెల్‌ను కాపీ చేసుకుని లెవెల్స్‌తో నలుపు తెలుపుల తేడా పెంచమనేవాణ్ణి, కాని తెల్లగోడ ముందు నెరిసిన జుట్టుకు ఏ ఛానెల్‌లోనూ తేడా దొరకదు. నా మాట విని నీలం మానుకుని లేత గోధుమ రంగు వెయ్యి. జుట్టు అంచున మెత్తటి బ్రష్‌తో మాస్క్‌ను, అంటే వద్దన్న భాగాన్ని చెరపకుండా దాచే తెరను సవరిస్తే మిగిలిన గోడ తెలుపు అందులో కలిసిపోతుంది.

సెలెక్ట్ సబ్జెక్ట్ ఒక్క నొక్కుతో మనిషిని పట్టుకుంటుంది కదా అంటావేమో. ముప్పై మంది పాస్‌పోర్టు ఫోటోలకు ఒకేసారి వచ్చినప్పుడు నేనూ అదే వాడతాను. 35 × 45 మిల్లీమీటర్ల బొమ్మలో చిన్న తేడా ఎవరికంటా పడదు. ఇది 12 × 18 అంగుళాల ప్రింటు, గోడకు వేలాడేది.

వెనక భాగాన్ని మాత్రం డిలీట్ చేయవద్దు, లేయర్ మాస్క్‌తో దాచు. పని నేర్చుకుంటున్న కాలంలో నేనొక పెళ్లి ఫోటోలో టెంటు గుడ్డను ఎరేజర్‌తో తుడిచి అసలు ఫైలు మీదే సేవ్ చేశాను. పెళ్లికూతురి బుట్టకమ్మ సగం పోయిందని రెండు రోజుల తరువాత ఆమె తండ్రి వచ్చి చూపిస్తే, తిరిగి తెచ్చేందుకు నా దగ్గర ఏమీ లేకపోయింది. డబ్బులు వెనక్కిచ్చాను గాని ఆయన ముఖం మరచిపోలేదు.

లేయర్లు కలపకుండా, వాటిని విడివిడిగా దాచే ఫోటోషాప్ పీఎస్‌డీ ఫైలే పంపు, అన్నీ ఒకటైపోయే జేపెగ్ వద్దు. శుక్రవారంలోగా అందితే ఆదివారానికి ఫ్రేము కట్టిస్తాను.

ఇట్లు
మీ నాన్న