ఫాల్స్ సీలింగ్ కింద బిగించి వెళ్లిన డ్యాన్స్ పోల్ గురించి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: డ్యాన్స్ పోల్ తప్పు ఫిట్టింగ్, అరకొర మాన్యువల్, డబ్బు వాపసు గురించి.

నమస్కారం.

మీ దగ్గర కొన్న 45 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న డ్యాన్స్ పోల్‌ని మీరు పంపిన టెక్నీషియనే మా ఇంట్లో ఫాల్స్ సీలింగ్ కింద బిగించారు. నేను ప్రాక్టీస్ చేస్తుండగా పోల్ పైకొసన సీలింగ్‌కి ఆనే డోమ్ పక్కకి జారి, పోల్ ఒరిగిపోయింది. అప్పటికి నేను తలకిందులుగా లేను, కింద మందపాటి మ్యాట్ వేసి ఉంది. అందుకే మోచేయి గీరుకోవడంతో సరిపోయింది. ఇదే తలకిందులుగా ఉన్నప్పుడు జరిగితే ఏమయ్యేదో మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఈ వ్యాపారంలో ఉన్నది మీరు.

ఆర్డర్ చేసేటప్పుడు మీ ఫారమ్‌లో సీలింగ్ ఎత్తు అడిగారు. సీలింగ్ దేంతో కట్టిందో అడగలేదు. నాకు అనుమానం వచ్చి ఫోన్ చేసి, మాది జిప్సమ్ బోర్డు అని, దానికీ పైన స్లాబ్‌కీ మధ్య ఖాళీ ఉందని చెప్పాను. "ఏ సీలింగ్‌కైనా పడుతుంది మేడమ్, డ్రిల్లింగ్ కూడా అక్కర్లేదు" అన్నారు. ఫిట్టింగ్ రోజున టెక్నీషియన్‌కి కూడా అదే మాట చెప్పాను. ఆయన పైకి చూసి తల ఊపారే తప్ప కనీసం వేళ్లతో కొట్టి అయినా చూడలేదు. పోల్ నిలబెట్టి, రసమట్టం ఒక పక్క ఆనించి, బుడగ మధ్యలో ఉందని చూపించి, "గీత గీసినట్టు నిలబడింది చూడండి" అన్నారు. సంతకం తీసుకుని వెళ్లిపోయారు.

నిటారుగా ఉండడం వేరు, గట్టిగా ఉండడం వేరు. ఈ తేడా పోల్ అమ్మే కంపెనీకి కస్టమర్ చెప్పాల్సి రావడం విడ్డూరమే అయినా చెబుతున్నాను. ఈ రకం పోల్‌ని నిలబెట్టేది ఒత్తిడి ఒక్కటే. కింది మరని తిప్పితే పోల్ పొడుగవుతుంది, పై డోమ్ సీలింగ్‌ని, కింది బేస్ నేలని నెడతాయి. ఆ బిగువు ఉన్నంతసేపే అది కదలకుండా ఉంటుంది. మనిషి పట్టుకుని ఊగితే బరువు కిందికి మాత్రమే పడదు, పోల్‌ని పక్కకి కూడా లాగుతుంది. ఆ లాగుడుకి తట్టుకోవాలంటే డోమ్ వెనక కాంక్రీటు స్లాబో, గట్టి చెక్క దూలమో ఉండాలి. ఫాల్స్ సీలింగ్ సన్నటి రేకు ఛానెళ్లకి వేలాడుతూ ఉంటుంది. తన బరువూ, నాలుగు లైట్ల బరువూ మోస్తే చాలు దానికి. కింద నుంచి నెడితే పైకి లేస్తుంది. అప్పుడు పోల్ వదులైనట్టు అనిపిస్తుంది, ఇంకాస్త బిగిస్తాం, బోర్డు ఇంకాస్త లేస్తుంది. ఇలా ఎంతసేపు తిప్పినా బిగువు రాదు, చివరికి బోర్డు పగులుతుంది.

మా ఇంట్లో జరిగింది కూడా ఇదే. పోల్ ఒరగడానికి ముందే బేస్ చుట్టూ తెల్లటి పొడి రాలడం మొదలైంది. కుర్చీ ఎక్కి చూస్తే డోమ్ అంచు వెంబడి నెలవంక ఆకారంలో వెంట్రుకంత పగులు ఉంది. వెంటనే మీ కస్టమర్ కేర్‌కి ఫోటోలు పంపాను. మొదట మాట్లాడినాయన "కింది మర ఇంకో రెండు తిప్పులు తిప్పండి, సరిపోతుంది" అన్నారు. ఒరిగిపోయాక ఫోన్ చేస్తే మరొకరు "మీరు అతిగా బిగించారు, వారంటీ వర్తించదు" అన్నారు. మీలో మీకే మాట కుదరకపోతే మధ్యలో నాకెందుకు ఈ టెన్షన్?

ఇక మీ మాన్యువల్. పోల్ తుడవడం గురించి, చేతులకి క్రీమ్ రాసుకుని ఎక్కకూడదని రెండు పేజీలు రాశారు. మంచిదే, క్రీమ్ ఉంటే పట్టు జారుతుంది. సీలింగ్ గురించి మాత్రం "సమతలంగా ఉండాలి" అని ఒకే ఒక్క వాక్యం. స్లాబా, దూలాలా, ఫాల్స్ సీలింగా ముందు తేల్చుకోవాలని ఎక్కడా లేదు. చెక్క దూలాల ఇంట్లో అయితే డోమ్ దూలం కిందే రావాలి, రెండు దూలాల మధ్య బోలు చోట పెట్టకూడదు. ఫాల్స్ సీలింగ్ ఉన్నచోట బోర్డుకి కన్నం కోసి పోల్‌ని పై స్లాబ్‌దాకా తీసుకెళ్లాలి, లేదా స్లాబ్‌కే యాంకర్ బోల్టులతో పర్మనెంట్ మౌంట్ బిగించాలి. ఏటవాలు సీలింగ్‌కి మామూలు డోమ్ పనికిరాదు. ఈ నాలుగు ముక్కలు మొదటి పేజీలో అచ్చు వేసి ఉంటే నేను అసలు ఈ పోల్ కొనేదాన్నే కాదు. బహుశా వేయకపోవడానికి కారణం కూడా అదేనేమో.

కింది మర బయటికి ఎంతవరకు రావచ్చో కూడా మీరు చెప్పలేదు. హద్దు దాటితే లోపల మిగిలే చుట్లు తక్కువై, మర పట్టు కోల్పోతుంది. ఎత్తు చాలకపోతే ఎక్స్‌టెన్షన్ ముక్క వేయాలి గానీ మరని సాగదీయకూడదు. ఆ ముక్కని పైభాగంలో, చేతులు తక్కువగా పడే చోట వేయాలి. మీ టెక్నీషియన్ దాన్ని సరిగ్గా నా ఛాతీ ఎత్తున వేశారు, పట్టుకున్న ప్రతిసారీ అతుకు అరచేతికి తగిలేది. పోల్‌ని స్పిన్ (తిరిగే పద్ధతి) నుంచి స్టాటిక్‌కి (కదలని పద్ధతికి) మార్చే చిన్న మరలు తిప్పడానికి ఇవ్వాల్సిన అలెన్ కీ పెట్టెలో లేనే లేదు. ఆ మరలు సగం సగం బిగిస్తే, కదలదనుకున్న పోల్ మధ్యలో తిరుగుతుంది. మెత్తటి కార్పెట్ మీద బేస్ కుంగుతుందన్న సంగతి, చుట్టూ చేయీ కాలూ చాచేంత ఖాళీ వదలాలన్న సంగతి కూడా మాన్యువల్‌లో వెతికినా దొరకవు.

బిగించాక పరీక్షించే పద్ధతి ఒకటుంది. రసమట్టం ఒకే పక్క కాదు, దానికి లంబంగా ఉన్న రెండో పక్క కూడా పెట్టి చూడాలి. భుజం ఎత్తున పట్టుకుని నాలుగు వైపులా మెల్లగా నెట్టాలి, లాగాలి. ఆ తర్వాత పాదాలు నేలకి దగ్గరగా ఉంచి కొద్దికొద్దిగా బరువు వేయాలి. డోమ్ దగ్గర చప్పుడు గానీ కదలిక గానీ ఉంటే అక్కడితో ఆపేయాలి. వాడిన ప్రతిసారీ ముందు బిగువు చూసుకోవాలి. మీ మనిషి ఒంటిచేత్తో ఒక్కసారి ఊపి చేతులు దులుపుకున్నారు.

పోల్ ధర, ఫిట్టింగ్ ఛార్జీ పూర్తిగా వాపసు ఇవ్వాలి. పగిలిన బోర్డు మరమ్మతు ఖర్చు మీరే భరించాలి, బిల్లు జతచేశాను. వేరే పోల్ పంపిస్తాం, మళ్లీ బిగిస్తాం అనే బేరాలు వద్దు. ప్రకటనలో "ఏ సీలింగ్‌కైనా" అన్న మాట తీసేయాలి, ఆర్డర్ ఫారమ్‌లో సీలింగ్ రకం అడగాలి. అన్నిటికంటే ముందు, ఇలా ఫాల్స్ సీలింగ్ కింద మీరు బిగించి వచ్చిన ఇళ్లన్నిటికీ ఫోన్ చేసి, వాడకం ఆపమని చెప్పండి. నా డబ్బు నాలుగు రోజులు ఆలస్యమైనా పర్వాలేదు, ఈ పని మాత్రం ఇవాళే చేయండి.

లేఖ అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు రాకపోతే వినియోగదారుల ఫిర్యాదు వేస్తాను. నా ఫోన్ రికార్డులు, పగులు ఫోటోలు, మీ టెక్నీషియన్ సంతకం పెట్టిన ఫిట్టింగ్ రసీదు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. పోల్ విప్పి, మీ పెట్టెలోనే సర్ది ఉంచాను. తీసుకెళ్లడానికి మనిషిని పంపేటప్పుడు ముందుగా ఫోన్ చేయించండి.

ఇట్లు,
మీ కస్టమర్

జతపరిచినవి: కొనుగోలు బిల్లు, ఫిట్టింగ్ రసీదు నకలు, సీలింగ్ ఫోటోలు, మరమ్మతు బిల్లు