బంగారు సీడీలో పాత పాటే: డబ్బు వాపసు కోరుతూ ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: “ఒరిజినల్ టేపు నుంచి కొత్తగా ట్రాన్స్‌ఫర్ చేసినది” అని అమ్మిన రీమాస్టర్ (పాత రికార్డింగు శబ్దాన్ని మళ్ళీ సరిచేసిన) సీడీ గురించి.

అయ్యా,

మార్చి 4న మీ వెబ్‌సైట్‌లో 1950ల నాటి ఒక జాజ్ ఆల్బమ్ బంగారు సీడీని (అల్యూమినియం పొరకు బదులు బంగారు పొర వేసినది) 4,750 రూపాయలు పెట్టి కొన్నాను. బిల్లు జతచేశాను. ఇదే ఆల్బమ్ మామూలు సీడీ నా దగ్గర ముందే ఉంది. 2003లో హైదరాబాద్ ఆబిడ్స్‌లో 450కి కొన్నాను, ఇప్పటికీ గీత పడకుండా ఆడుతోంది. అయినా మళ్ళీ కొన్నానంటే, పైన విషయంలో రాసిన ఆ ఒక్క వాక్యం మీ వెబ్‌సైట్‌లో చూసే.

మొదటి రోజు సంబరపడ్డ మాట నిజం. ట్రంపెట్ ముందుకొచ్చినట్టు, బేస్ బలంగా మోగినట్టు అనిపించింది. మర్నాడు పాత సీడీ పెట్టి వాల్యూమ్ కాస్త పెంచాను. అదే ట్రంపెట్, అదే బేస్. కొంచెం గట్టిగా మోగేదే బాగుందనుకోవడం చెవికి అలవాటు. స్పీకర్లు అమ్మేవాళ్ళకు ఈ కిటుకు బాగా తెలుసు. మీకూ తెలిసే ఉంటుంది.

అనుమానం తీరక రెండు సీడీలనూ కంప్యూటర్లోకి ఎక్కించాను. మీ సీడీ శబ్దం పాతదాని కంటే సుమారు 4 డెసిబెల్స్ ఎక్కువగా ఉంది. ఆ 4 తగ్గించి, రెండు ఫైళ్ళ మొదళ్ళూ కలిపి, ఒకదాని తరంగాన్ని తలకిందులు చేసి రెండోదానితో కలిపాను. రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఏమీ మిగలకూడదు. ఏమీ మిగల్లేదు. డ్రమ్ము గట్టిగా కొట్టిన చోట్ల మాత్రం చిటుక్, చిటుక్ అని వినిపించింది. అంటే, శబ్దం పెంచడం కోసం మీరు చెక్కేసిన తరంగాల శిఖరాలు అవన్నమాట.

దీని అర్థం మీ ఇంజినీర్లను అడిగినా చెబుతారు. టేపు యంత్రం ఏ రెండుసార్లూ కచ్చితంగా ఒకే వేగంతో తిరగదు. కొత్తగా టేపు ఆడించి ఎక్కించి ఉంటే, సెకనులో 44,100వ వంతు కూడా తేడా రాకుండా 40 నిమిషాలూ పాత సీడీతో అడుగులో అడుగు వేయడం జరిగే పని కాదు. కాబట్టి ఇది పాత డిజిటల్ ఫైలే. దాని గొంతు పెంచి, బంగారం పూసి నాకు అమ్మారు.

ఫోను చేస్తే మీ ప్రతినిధి బంగారం గొప్పతనం చెప్పారు, నా కేబుల్ మార్చుకోమన్నారు. (కేబుల్ ధర కూడా చెప్పారు, అది సీడీ కంటే ఎక్కువ!) బంగారం తుప్పు పట్టదు, అల్యూమినియం పొర కంటే ఎక్కువ కాలం నిలవొచ్చు. ఒప్పుకుంటాను. కానీ 1980లో సోనీ, ఫిలిప్స్ కలిసి ఖరారు చేసిన ప్రమాణం ప్రకారం ఏ ఆడియో సీడీలోనైనా ఉండేది శబ్దాన్ని కొలిచి రాసిన 16 బిట్ల అంకెలే. అవే అంకెల్ని బంగారం మీద నుంచి చదివినా అల్యూమినియం మీద నుంచి చదివినా పాట మారదు.

రీమాస్టర్లన్నీ దండగ అనేవాణ్ణి కాను. జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ సంగతే చూడండి. 1959లో న్యూయార్క్‌లో రికార్డు చేసినప్పుడు మొదటి మూడు పాటలకు ప్రధాన టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. దాంతో, ఆ టేపును మామూలు వేగంతో ఆడించి విడుదల చేసిన రికార్డుల్లో ఆ పాటలు ముప్పై ఏళ్ళకు పైగా ఉండాల్సిన శ్రుతి కంటే పైన మోగాయి. పక్కన సరైన వేగంతో తిరిగిన రెండో యంత్రం టేపు వాడి 1990లలో దాన్ని సరిదిద్దారు. అలాంటి పనికి 4,750 అడిగినా ఇస్తాను. మీ కరపత్రంలో 12 పేజీల ఫొటోలున్నాయి గానీ, ఏ టేపు వాడారు, ఏ ఏడాది ఎక్కించారు, ఎవరు మాస్టరింగ్ (చివరి శబ్ద సవరణ) చేశారు అనే మూడు ముక్కలు లేవు.

నా 4,750 రూపాయలూ 15 రోజుల్లో తిరిగి ఇవ్వండి. “ఒరిజినల్ టేపు నుంచి” అనే ఆ వాక్యాన్ని మీ వెబ్‌సైట్ నుంచి తీసేయండి, లేదా అది నిజమని చూపించండి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. నేనుండే ఊళ్ళోనే వేసుకోవచ్చు, ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు.

రెండు సీడీల నుంచి తీసిన ఫైళ్ళు, కలిపి చూసిన ఫైలు పెన్‌డ్రైవ్‌లో పంపుతున్నాను. సీడీ, పెట్టె, కరపత్రం వచ్చినట్టే ప్యాక్ చేసి ఉంచాను. కొరియర్ వాళ్ళను సాయంత్రం ఆరు తర్వాత పంపండి, ఇంట్లో ఉంటాను.

ఇట్లు,
మీ కస్టమర్,
విజయవాడ.