రెండు వేల బిట్లు, ఒక పీడీఎఫ్

సంపాదకులకు నమస్కారం.

నేను తెనాలిలో ఓ ప్రైవేటు హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. నాలుగేళ్ల కిందట మా స్కూలు పరీక్షల కోసం ఒక యాప్ తీసుకుంది. రోజూ రాత్రి వంటిల్లు సర్దేశాక కూర్చుని, ఎనిమిది నుంచి పదో తరగతి దాకా రెండు వేలకు పైగా బిట్లు అందులో టైపు చేశాను. గుండె, నెఫ్రాన్ బొమ్మలు కాగితం మీద గీసి, ఫొటో తీసి ఎక్కించాను. ఏ బిట్టు ఎంతమంది తప్పు చేశారో యాప్ చూపించేది. దాన్ని చూసి ఆప్షన్లు మారుస్తూ వచ్చాను.

ఈ జూన్‌లో యాజమాన్యం వేరే యాప్‌కి మారింది. మా బిట్లు ఇవ్వమంటే పాత కంపెనీ ఒక పీడీఎఫ్ పంపింది. కాపీ చేసి కొత్త దాంట్లో పేస్ట్ చేస్తే ‘కిరణజన్య సంయోగక్రియ’లో గుడులు ఒకచోట, వత్తులు ఒకచోట పడ్డాయి. జవాబుల గుర్తులు అసలే లేవు. పాత రిజిస్టరు కావాలంటే మా అటెండరు బీరువా తాళం తీసి చేతికిస్తాడు, ఆయనే నయం.

తప్పంతా కంపెనీదే అనను. కొనేటప్పుడు మేమూ అడగలేదు. ప్రశ్నలు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి వెళ్లడానికి క్యూటీఐ అనే ప్రమాణం ఉందని నాకు ఈమధ్యే తెలిసింది. దాని మొదటి వెర్షన్ 2000లోనే వచ్చిందట! ప్రశ్న ఏది, ఆప్షన్లు ఏవి, జవాబు ఏది, మార్కులెన్ని అన్నవి ఫైల్లో విడివిడిగా గుర్తు పెట్టి ఉంటాయి. బొమ్మలు కూడా ఆ ఫైలుతోపాటే ఒకే జిప్ మూటలో వస్తాయి. ఆ ప్రమాణం ఎలా ఉంటుందో ఎవరైనా నెట్‌లో చదువుకోవచ్చు. మన పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్ కొడితే తెరుచుకునే ‘దీక్ష’ పోర్టల్‌కు ఆధారమైన సన్‌బర్డ్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఓపెన్ సోర్సే, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు. కేంద్రం ఈ-గవర్నెన్స్‌కు ఓపెన్ స్టాండర్డ్స్ (అందరికీ అందుబాటులో ఉండే ప్రమాణాల) విధానం 2010లో తెచ్చింది కానీ, ప్రైవేటు స్కూలు కొనే యాప్‌కి అది వర్తించదు. నంబరు పోకుండా ఫోన్ కంపెనీ మార్చుకునే వీలు మనకు 2011 నుంచీ ఉంది. టీచరు రాసుకున్న ప్రశ్నకు ఆపాటి వీలు లేదా?

కొత్త కంపెనీ కుర్రాడు డెమోకి వచ్చినప్పుడు ‘క్యూటీఐ సపోర్ట్ ఉంది మేడమ్’ అన్నాడు. పది బిట్లు పెట్టి, మళ్లీ నా ముందే బయటికి తీసి చూపించమన్నాను. కాసేపు అటూ ఇటూ నొక్కి, ‘ఇంపోర్ట్ ఒక్కటే ఉంది మేడమ్’ అన్నాడు. యాజమాన్యాలు డబ్బు కట్టేముందు ఈ పరీక్ష పెట్టాలి. ఆ పదింటిలో ఒకటి బొమ్మ ఉన్నదీ, ఒకటి వత్తులు ఎక్కువున్నదీ ఉండాలి. తీసిన ఫైలు వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటేనే సంతకం పెట్టాలి. విద్యాశాఖ ఈ షరతును ఒప్పందాల్లో తప్పనిసరి చేస్తే మాలాంటివాళ్లం ఒక్కొక్కరం పోట్లాడే పని ఉండదు.

ప్రస్తుతానికి నేను నోట్‌ప్యాడ్‌లో టైపు చేస్తున్నాను. ఒక లైన్లో ప్రశ్న, కింద ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో A, B, C, D ఆప్షన్లు, చివర్లో ANSWER అని జవాబు అక్షరం. యూటీఎఫ్-8 అనే యూనికోడ్ పద్ధతిలో సేవ్ చేస్తే మూడుల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దాన్ని అలాగే తీసుకుంటుంది. బొమ్మలు మాత్రం ఇలా టైపు చేసిన ఫైల్లో కుదరవు. ఇప్పటికి నాలుగు వందల బిట్లు అయ్యాయి. నెఫ్రాన్ మళ్లీ గీయాలి.

– ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు, తెనాలి