బోర్డు పెట్టాకే బిల్లు: పురపాలక శాఖ మంత్రి గారికి విశాఖ నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. విశాఖ వాళ్ళకి అక్టోబరు 12 అంటే హుద్‌హుద్. 2014లో ఆ రోజు ఎవరింటి రేకు ఎవరి పెరట్లో పడిందో ఇప్పటికీ చెప్పుకుంటాం. సరిగ్గా అదే తేదీన, తొమ్మిదేళ్ళ ముందు, 2005లో సమాచార హక్కు చట్టం అమల్లోకి వచ్చింది. అది మాత్రం ఎవరికీ గుర్తుండదు. నాకు గుర్తుండిపోవడానికి మా వీధి చివరి గెడ్డ, అంటే వాననీళ్ళు పోయే వాగు, కారణం.

ఆ గెడ్డకి గోడ కట్టారు. మొదటి పెద్ద వానకే ఒక పక్క జారి నీళ్ళలో పడింది. ఎంతకి కట్టారు, ఎవరు కట్టారు, ఎన్నాళ్ళు పూచీ అని చూద్దామంటే అక్కడ బోర్డే లేదు. 10 రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి ఒక ఆఫీసుకి దరఖాస్తు పెట్టాను. ఏ ఆఫీసో రాయను, అక్కడ మా వీధి వాళ్ళే ఇద్దరు పనిచేస్తున్నారు. 30 రోజుల్లో రావాల్సిన జవాబు 70 రోజులకి వచ్చింది: వచ్చి చూసుకోమని. వెళ్తే ఎం-బుక్, అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకం, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారి దగ్గరుందన్నారు, ఏఈ గారు ఫీల్డులో ఉన్నారన్నారు. మూడోసారికి దొరికింది.

చేతికొచ్చాక అర్థం కావడానికి పది నిమిషాలు పట్టలేదండీ. పొడవు, వెడల్పు, లోతు, అంతే. పునాది లోతు దగ్గర ఒక అంకె కొట్టేసి పైన ఇంకొకటి రాశారు, పక్కన సంతకం లేదు. గడువు దాటితే నకళ్ళు ఉచితంగా ఇవ్వాలని చట్టంలో ఉంది కదా అన్నాను. టీ ఇచ్చారు గానీ జిరాక్సు ఇవ్వలేదు.

నిజానికి నేను అడగాల్సిన పనే లేదు. జనం ఈ చట్టాన్ని వాడాల్సిన అవసరమే పెద్దగా రాకుండా సమాచారం ముందే బయటపెట్టాలని సెక్షన్ 4 చెబుతోంది. స్థానిక భాషలో పెట్టాలని కూడా. చిక్కంతా ఒకచోట ఉంది. అడిగినా ఇవ్వని అధికారికి రోజుకి 250 చొప్పున 25,000 దాకా జరిమానా ఉంది. అడక్కముందే పెట్టాల్సింది పెట్టకపోతే నేరుగా ఏ జరిమానా లేదు. ఇక ఎవరు పెడతారు?

అందుకే విశాఖకి సొంత నియమం కావాలి. మీ శాఖ జీవోగా తెస్తారో, కౌన్సిల్ తీర్మానంగా తెప్పిస్తారో మీ ఇష్టం. పని జరిగే చోట తెలుగులో బోర్డు, వెబ్‌సైట్‌లో ఎస్టిమేటు, ఎం-బుక్ పేజీలు ఉంటేనే బిల్లు పాస్ కావాలి. అలా చేసి చూడండి, కాంట్రాక్టరే ఆఫీసు చుట్టూ తిరిగి మరీ పెట్టిస్తాడు. జరిమానా కంటే పెండింగు బిల్లుకే భయం ఎక్కువ.

కౌన్సిల్ అజెండా కూడా అంతే. సమావేశానికి వారం ముందు జనానికి అందాలి. చివరి నిమిషంలో టేబుల్ అజెండా కింద కోట్ల పనులు వస్తే చదవడానికి కార్పొరేటర్లకే టైముండదు, మాకెక్కడిది? నిజంగా అత్యవసరమైతే ఆ కారణం రాసి మరీ పెట్టమనండి. వెబ్‌సైట్‌లో పెట్టేవి వంకరగా స్కాన్ చేసిన కాగితాలు కాకుండా, వెతికితే దొరికేలా ఉంటే చాలు.

మంచి అధికారి వస్తే ఇవన్నీ వాటంతటవే జరుగుతాయి అంటారు కొందరు. జీవోల సంగతి చూశాం కదండీ. 2021లో వెబ్‌సైట్‌లో పెట్టడం ఆపేశారు, ప్రభుత్వం మారాక 2024లో మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఆపరని ఏముంది?

ఉపాధి హామీ పనులకి మన రాష్ట్రంలో సామాజిక తనిఖీ ఏళ్ళ తరబడి నడుస్తోంది. ఊళ్ళో అందరి ముందు మస్టర్ (కూలీల హాజరు పట్టీ) చదువుతారు, పని చెయ్యని మనిషి పేరుంటే అక్కడే ఎవరో ఒకరు లేస్తారు. పల్లెలో మట్టి పనికి ఉన్న ఈ లెక్క, 98 వార్డుల నగరంలో సిమెంటు పనికి ఎందుకు ఉండకూడదు? ఏడాదికోసారి వార్డులో కూర్చోబెట్టి ఎం-బుక్ చదివించండి. కొలిచే టేపు మేం తెచ్చుకుంటాం.

గెడ్డ గోడ మళ్ళీ కడతారని మా వీధిలో అనుకుంటున్నారు. బోర్డుకి చోటుంది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, అందరూ ఆటో కోసం నిలబడే దగ్గర.

ఇట్లు,
కంచరపాలెం నుంచి ఇంటి పన్ను కట్టే ఒక మనిషి