రికార్డు రాసేది అమ్మాయిలేనా?

సంపాదకులకు నమస్కారం.

స్త్రీ పురుష సమానత్వం కోసం మా కాలేజీలో పనిచేసే విద్యార్థి బృందంలో ఏడాదిగా ఉన్నాను. నేను అబ్బాయిని. మొదటి మీటింగ్‌కి స్నేహితురాలు రమ్మంటే వెళ్లాను, అంతే. అక్కడ ఒకమ్మాయి తన ల్యాబ్ రికార్డు తెరిచి చూపించింది. ముత్యాల్లాంటి అక్షరాలు. ఏడాదంతా గ్రూపు మొత్తానికీ తనే రాసిందట. "పరికరం మీద చెయ్యి వేసింది మాత్రం రెండేసార్లు" అంది. ఆ గ్రూపులో నేనూ ఉన్నాను. తలెత్తి చూడలేకపోయాను.

తర్వాత మా బృందం లెక్చరర్లతో మాట్లాడి, ల్యాబ్‌లో పనులు వారం వారం చేతులు మారేలా పట్టిక వేయించింది. ఇప్పుడు రికార్డు నేనూ రాస్తున్నాను. ఎంత సమయం తినేస్తుందో రాస్తేనే తెలిసింది.

మహిళల పట్ల వివక్షను రూపుమాపేందుకు ఐక్యరాజ్యసమితి 1979లో ఆమోదించిన ఒప్పందంలోని పదో అధికరణ చదువు గురించే. సమాన అవకాశాలతోనే అది ఆగలేదు. ఆడవాళ్ల పని ఇది, మగవాళ్ల పని ఇది అనే మూస భావాలను విద్యలో అన్ని స్థాయిల నుంచీ తొలగించాలంది. ఆ మాట మా ల్యాబ్ బల్ల దాకా రావడానికి ఇన్నేళ్లు పట్టింది!

మార్చి 8న మాకు వేదిక, మైకు ఇస్తారు. మిగతా రోజుల్లో మీటింగ్‌కి గది అడిగితే తాళాలు దొరకవు. యాజమాన్యాలను మేం కోరేది నెలకు రెండు గంటలు ఒక గది, ఫిర్యాదుల కమిటీలో మేం ఎన్నుకున్న ఒక ప్రతినిధి. అబ్బాయిలూ, మీరూ రండి. మీ గ్రూపులో రికార్డు ఎవరు రాస్తున్నారో ఒకసారి చూసి రండి.

- ఒక డిగ్రీ విద్యార్థి